పెంటమ్మ వాటా

చేతులు వెనక్కి పెట్టుకోండి. ముందు చేతులు, తర్వాత కథ. ఈ కథ వినేవాళ్ళ చేతులు వీపు వెనకే ఉండాలి. మా అద్దాలవాళ్ళ పద్ధతి అది. ఎందుకని మధ్యలో అడగొద్దు, చివర్లో మీకే తెలుస్తుంది. పెట్టుకున్నారా? అయితే చెబుతా.

అనగనగా ఒక కోట. కోటలో ఒక దొర. ఆ దొరకి కుదురు లేదు. కూర్చుంటే లేవాలి, లేస్తే నడవాలి, నడిస్తే ఏదో ఒకటి కట్టాలి. ఏనుగుల సాల కట్టాడు, విసుగొచ్చింది. పూలతోట వేయించాడు, విసుగొచ్చింది. మూడోసారి అద్దాల మేడ కావాలన్నాడు. నాలుగు పక్కలా ఎక్కడ చూసినా రంగు అద్దమే ఉండాలి. దసరా నాటికి తాను అందులో కూర్చోవాలి. మధ్యాహ్నం చెప్పాడు, సాయంత్రానికి "అయిందా?" అని అడిగాడు. అలాంటి మనిషి.

ఆ రోజుల్లో అద్దం సముద్రం దాటి వచ్చేది. ఓడ దిగి, పడవెక్కి, పడవ దిగి, బండెక్కి, గడ్డిలో చుట్టుకుని వచ్చేది. వచ్చిన పలకని కిటికీ కొలతకి కోసేవాళ్ళు మావాళ్ళు. కోట పెరట్లో పెద్ద పందిరి. పందిట్లో బల్ల. బల్ల మీద గొంగడి. గొంగడి మీద పలక పడుకోబెట్టి, వజ్రపు మొన బిగించిన కలంతో గీత గీస్తారు. గీత ఒక్కటే ఉండాలి. ఒకసారే గియ్యాలి. రెండోసారి గీసేవాడు అద్దాలవాడు కాదు. గీసేటప్పుడు పట్టు చినిగినట్టు చప్పుడొస్తే గీత పడినట్టు. ఆ తర్వాత గీతని బల్ల అంచుకి తెచ్చి, కిందికి నొక్కి విరుస్తారు. విరిగిన పలకని నిలువునా లేపి, ఇద్దరు చెరో పక్కా పట్టి, నిలువునానే మోస్తారు. పడుకోబెట్టి మోస్తే దాని బరువుకి అదే నడుం విరుచుకుంటుంది.

ఇప్పుడు పందిరి మేస్త్రి సంగతి. పేరు కోటలింగం. పనివాడు కాదని నేననను. వెంట్రుకంత తేడా రాకుండా కోసేవాడు. కానీ గర్వం. ఆయన పందిట్లో ఒక కట్టుబాటు పెట్టాడు. పలక ఎవరి చేతిలోంచి జారి పడితే వాడి కలం విరిచేస్తారు. ఆ పెంకులన్నీ తట్టకెత్తి వాడి నెత్తిన పెడతారు. మూడు వీధులూ నడిపించి, కోట వాకిలి దాటిస్తారు. ఇక వాడు పందిట్లో అడుగు పెట్టకూడదు.

కట్టుబాటు అలా ఉంటే మనిషి ఏం చేస్తాడు? పలక జారితే పట్టుకుంటాడు. అసలు జారినదాన్ని పట్టుకోవడం చేతికి పుట్టుకతో వచ్చిన బుద్ధి. అన్నం గిన్నె జారితే పట్టుకోమా? పసిబిడ్డ జారితే పట్టుకోమా? చెయ్యి మనల్ని అడగదు, ముందుకు పోతుంది. కానీ అప్పుడే విరిచిన అద్దం అన్నం గిన్నె కాదు, పసిబిడ్డా కాదు. దాని అంచు కత్తి. పడే కత్తిని అంచు దగ్గర పట్టుకోవడమే అది.

ఆ పందిట్లో ఊడ్చే మనిషి పెంటమ్మ. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, ఈ పిల్లయినా దక్కాలని పెంట మీద పడుకోబెట్టి ఆ పేరు పెట్టారు. దక్కింది. పెంటమ్మ రోజుకి మూడుసార్లు ఊడ్చేది. మొదట నీళ్ళు చల్లి పెంకులు ఊడ్చేది. పొడిగా ఊడిస్తే అద్దం పొడి లేచి కళ్ళలోకి, ముక్కుల్లోకి పోతుంది. తర్వాత తడిగుడ్డతో నేలంతా అద్దేది. మూడోసారి ఒట్టి కాళ్ళతో పందిరంతా తిరిగేది. గుచ్చుకుంటే ఇంకా ఉన్నట్టు, మళ్ళీ మొదలు. గుచ్చుకోకపోతే అప్పుడు, "రండి బాబూ" అని పనివాళ్ళని పిలిచేది. ఆ మూడోది మీరు చెయ్యొద్దు. పెంటమ్మ చేసింది.

ఆమెకెందుకంత పట్టుదల? చెబుతా. మొదట ఆమె మొగుడు జారే పలకని పట్టుకున్నాడు. మణికట్టు తెగింది. పొద్దు వాలకముందే పోయాడు. తర్వాత ఆమె పెద్ద తమ్ముడు పట్టుకున్నాడు. కుడిచెయ్యి పోయింది. కలం పట్టలేక, ఊళ్ళో తలెత్తలేక దేశాలు పట్టిపోయాడు, మళ్ళీ రాలేదు. ఇక మిగిలింది చిన్న తమ్ముడు అసిరయ్య. కండపుష్టి ఉన్నవాడు, పెళ్ళయినవాడు, పని మీద ఇష్టమున్నవాడు. వాడికి రెండు చేతులూ ఉన్నాయి. ఆ రెండు చేతులే పెంటమ్మకి లోకం. వాడు కలం పట్టిన రోజు నుంచీ ఆమెకి కాలు నిలవలేదు. ఊడుస్తూ చూసేది, నీళ్ళు చల్లుతూ చూసేది, అన్నం తింటూ మధ్యలో లేచొచ్చి చూసేది.

పెంటమ్మ మేస్త్రి దగ్గరికి మూడుసార్లు వెళ్ళింది.

మొదటిసారి అంది: "అయ్యా, ఆ కట్టుబాటు తీసెయ్యండి. పలక పోతే ఇంకో పలక వస్తుంది. పడేదాన్ని పడనివ్వండి. చేతులు వెనక్కి తీసుకోమని చెప్పండి."

మేస్త్రి నవ్వాడు. "ఏటే పెంటీ, అద్దం పగిలితే నీకు పండగా?"

రెండోసారి అంది: "అయ్యా, పడేదాన్ని పడనివ్వండి. చేతులు వెనక్కి."

"చీపురు పట్టినదానివి చీపురు మాట చెప్పు. కలం మాట చెప్పకు."

మూడోసారి అంది: "అయ్యా, పడేదాన్ని పడనివ్వండి..."

మేస్త్రి చివరిదాకా వినలేదు. "పొద్దున్నే ఆ మాట అనకు. అశుభం. ఇంకోసారి అన్నావంటే నీ తమ్ముణ్ణి పందిట్లోంచి తోలేస్తాను."

పెంటమ్మ ఇక అడగలేదు. అడగడం మానిందే గానీ, ఊరుకోలేదు.

కోత అయ్యాక సన్నటి కడ్డీల్లాంటి ముక్కలు మిగులుతాయి. ఎందుకూ పనికిరావు. అవి ఏరి గోనెలో చుట్టి, ఓ మూల దాచింది. పని మొదలవకముందు అసిరయ్యని పందిరి వెనక్కి తీసుకుపోయింది. వాడి కాళ్ళకి మోకాళ్ళ దాకా గోనె చుట్టింది, చేతులకి గుడ్డలు చుట్టింది. తనూ చుట్టుకుంది. ఒక ముక్క ఎత్తి, వాడి ముందు వదిలింది. వాడి చెయ్యి టక్కున ముందుకొచ్చి పట్టేసింది.

"చచ్చావు," అంది పెంటమ్మ.

"అబ్బ, అక్కా! పడుతుంటే పట్టుకోకుండా ఎలా ఉంటాం?"

"మీ బావ కూడా అలాగే అన్నాడు. మళ్ళీ."

మర్నాడు మళ్ళీ వదిలింది. వాడి చెయ్యి సగం వచ్చి ఆగింది. "సగం చచ్చావు," అంది.

వేళ్ళు మూడు పోయిన గంగులు అనే ముసలి పనివాడు దారిన పోతూ చూశాడు. వాడికి ఎగతాళి ఎక్కువ. "ఏం పెంటమ్మా, ఊడ్చడానికి చెత్త చాలక నువ్వే పగలగొట్టి పోస్తున్నావా?"

"నీ వేళ్ళెన్ని మావా?"

"ఏడు."

"ఆ మూడూ నేనే ఊడ్చా. నాకు గుర్తుంది. నువ్వు నవ్వుకో."

గంగులు నవ్వలేదు. ఏదో పని ఉన్నట్టు పోయాడు.

మూడోనాడు పెంటమ్మ ముక్క వదిలింది. అసిరయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. రెండు చేతులూ వీపు వెనక్కి పోయాయి. ముక్క నేల మీద పడి పగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు.

పెంటమ్మ ఆ పెంకుల వంక చూసి అంది: "తిను అద్దాల తల్లీ. ఇది నీ వాటా. నా తమ్ముడు నీ వాటా కాదు."

ఆ రోజు నుంచీ రోజూ పొద్దున ఒక ముక్క. రోజూ ఒక అడుగు వెనక్కి. మిగతావాళ్ళు నవ్వుతూనే ఉన్నారు.

దసరా దగ్గరపడింది. మేడంతా అయింది. దొర గద్దె వెనక పెట్టే ఎర్రపలక ఒక్కటే మిగిలింది. మనిషి నిలువుకి మించిన పలక. అంత పెద్దది ఆ కోటలోకి అంతకుముందు రాలేదు. దొర రోజుకి మూడుసార్లు మనిషిని పంపేవాడు. ఏమైంది, ఎక్కడిదాకా వచ్చింది, ఇంకా ఎంతసేపు. చివరికి ఓపిక పట్టలేక తనే వచ్చి పందిట్లో నిలబడ్డాడు. నిలబడ్డాడని అన్నానే గానీ, అటూ ఇటూ తిరుగుతున్నాడు. తిరుగుతుంటే పందిట్లో అందరికీ చెమటలు.

ఇక్కడ కోటలింగం మేస్త్రి ఒక పని చేశాడు. ఈ కథ మార్చి చెప్పేవాళ్ళు ఇది దాచేస్తారు. నేను దాచను. అద్దాలవాళ్ళం పలక మోసేటప్పుడు అరచేతులకి మందపాటి గుడ్డలు చుట్టుకుంటాం. అంచుకి చెయ్యి తెగకుండా, చెమటకి జారకుండా. దొర చూస్తున్నాడు కదా అని మేస్త్రి ఆ గుడ్డలు విప్పేశాడు. పాతవి, మురికివి, నలుగురిలో నామోషీ అనుకున్నాడు. ఉంగరాలు పెట్టుకున్నాడు. గీత చక్కగా పడాలని కలానికి నువ్వుల నూనె రాస్తాం, ఆ నూనె వేళ్ళకుంది. తుడుచుకోలేదు.

పెంటమ్మ చూసింది. "అయ్యా, చేతులకి గుడ్డలు..." అంది.

మేస్త్రి ఒక్క చూపు చూశాడు. ఆమె చీపురు పక్కన పెట్టి, వచ్చి ఆయన వెనకే నిలబడింది.

మేస్త్రి గీత గీశాడు. పట్టు చినిగిన చప్పుడు. బల్ల అంచుకి తెచ్చి విరిచాడు. పలక గీత వెంబడే విడిపోయింది. వంక లేదు, పెచ్చు లేదు. దొర "భేష్" అని, అటు తిరిగి మళ్ళీ నడక మొదలుపెట్టాడు. మేస్త్రి ఒక పక్క, అసిరయ్య ఇంకో పక్క పట్టి పలకని నిలువునా లేపారు. ఒక అడుగు వేశారు. రెండో అడుగు వేశారు. మూడో అడుగులో మేస్త్రి పక్క జారింది.

ఎవరి పక్క? మేస్త్రి పక్క. నూనె చెయ్యి, గుడ్డ లేని చెయ్యి.

మేస్త్రి కేకేశాడు: "పట్టుకోరా అసిరిగా!"

పెంటమ్మ కేకేసింది: "చేతులు వెనక్కి!"

రెండు కేకలూ ఒక్కసారే. మేస్త్రి మాట పదేళ్ళుగా విన్నాడు అసిరయ్య. అక్క మాట కొన్ని పొద్దులు మాత్రమే విన్నాడు. కానీ అక్క మాట విన్నది వాడి చెవి కాదు, వాడి చేతులు. ఒక అడుగు వెనక్కి. రెండు చేతులూ వీపు వెనక్కి.

మేస్త్రి చేతులు మాత్రం ముందుకే పోయాయి. పెంటమ్మ ఆయన నడుముకి కట్టుకున్న పట్టుకండువా రెండు చేతులా పట్టి వెనక్కి గుంజింది. ఆయన వెల్లకిలా పడ్డాడు. ఆయన కింద ఆమె పడింది.

ఎర్రపలక నేల మీద పడింది. పందిరంతా ఎర్రగా మెరిసింది. నెత్తురని అందరూ అనుకున్నారు. చూసుకున్నారు. నెత్తురు లేదు. ఒట్టి అద్దమే.

ఎవరూ కదల్లేదు. దొర కూడా కదల్లేదు. ఆయన పుట్టాక నిలకడగా ఉన్నది అప్పుడేనంటారు. తర్వాత అడిగాడు: "ఎవరు పడేశారు?"

మేస్త్రి లేచాడు. పట్టుకండువా దులుపుకున్నాడు.

దొర మళ్ళీ అడిగాడు. మేస్త్రి నేల చూస్తున్నాడు.

మూడోసారి అడిగాడు. అసిరయ్య, పందిట్లో పనివాళ్ళందరూ మేస్త్రి వంకే చూస్తున్నారు. మేస్త్రి పక్క జారిందని అందరికీ తెలుసు. అనే ధైర్యం ఎవరికుంది? మేస్త్రి మెల్లగా అసిరయ్య వంక చూశాడు. దొర చూపు కూడా అటే తిరిగింది. అసిరయ్య చేతులు ఇంకా వెనకే ఉన్నాయి. చేతులు వెనక పెట్టుకున్నవాడు తప్పు చేసినవాడిలా కనబడతాడు మరి.

"నేను పడేశాను దొరా," అంది పెంటమ్మ.

"నువ్వు ముట్టుకోలేదు కదే?"

"మేస్త్రి పట్టుకోమన్నారు. నేను వదిలెయ్యమన్నాను. నా మాటే గెలిచింది. అంచేత పడేసింది నేనే."

దొర మేస్త్రిని అడిగాడు. "మీ పద్ధతేంటి?"

కోటలింగం అప్పుడు నోరు విప్పాడు. "తట్ట తెండి," అన్నాడు.

ఆ ఒక్క మాటకి నేను ఆయన్ని ఈనాటికీ క్షమించలేదు. ఎన్ని తరాలైతే మాత్రం? పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. నేను పెట్టుకుంటాను.

విరవడానికి ఆమెకి కలం లేదు. చీపురు విరిచారు. ఎర్ర పెంకులు తనే ఊడ్చి, తనే తట్టకెత్తుకుంది. వెళ్ళేముందు నీళ్ళు చల్లింది, తడిగుడ్డ అద్దింది, ఒట్టి కాళ్ళతో పందిరంతా తిరిగి చూసింది. "రండి బాబూ," అంది. అప్పుడు కదిలింది. అసిరయ్య వెంటపడితే, "నువ్వు పని చేసుకో. పొద్దున ముక్క వదలడం మానకు," అంది.

మొదటి వీధిలో జనం నవ్వారు. రెండో వీధిలో అరుగుల మీద కూర్చున్నవాళ్ళు పేరు పెట్టి పిలిచి మరీ ఎగతాళి చేశారు. మూడో వీధి అద్దాలవాళ్ళది. అక్కడ ఎవరూ నవ్వలేదు. గంగులు పెళ్ళాం నూకాలు గడప దిగి వచ్చింది. "బరువెక్కువుంది పెంటమ్మా," అని, తట్టకి ఒక పక్క చెయ్యేసి కోట వాకిలి దాకా వచ్చింది. వాకిలి దాకానే. ఆ పైన పెంటమ్మ ఒక్కతే.

వాకిలి దాటినవాళ్ళు తట్టని ఎక్కడో ఓ పక్కన కుమ్మరించి పోవడం అలవాటు. పెంటమ్మ బాట పక్కన దించబోయింది. బాట మీద గొడ్లు నడుస్తాయి. ఎత్తుకుంది. ఏటి ఒడ్డున దించబోయింది. ఒడ్డున చాకళ్ళు నీళ్ళలో నిలబడి ఉతుకుతారు. ఎత్తుకుంది. చేలగట్టున దించబోయింది. గట్టు మీద నాట్లేసే ఆడవాళ్ళు నడుస్తారు. ఎత్తుకుంది. ఎక్కడ చూసినా కాళ్ళే. నెత్తి మీద బరువు, కడుపులో ఆకలి, దించే చోటు లేదు. అలా ఆ పొద్దంతా తిరిగింది, మర్నాడు తిరిగింది, మూడోనాడు తిరిగింది. మూడోనాడు పాడుపడ్డ సున్నపు బట్టీ ఒకటి కనిపించింది. లోతైన గొయ్యి. చుట్టూ ముళ్ళకంప. అక్కడికి గొడ్డూ రాదు, మనిషీ రాడు. పెంకులు గోతిలో పోసి, పైన మన్ను కప్పింది. అప్పుడు కూర్చుంది. ఆ పక్కనే తాటాకు పాక వేసుకుంది.

సంగతి తెలిసి పనివాళ్ళు ఒక్కొక్కరే తమ పెంకులు కూడా అక్కడికే తేవడం మొదలుపెట్టారు. వారానికోసారి అసిరయ్య తెచ్చేవాడు. తెచ్చినప్పుడల్లా ఒకటే మాట.

"చేతులు చూపించు."

చూపించేవాడు.

"లెక్కపెట్టు."

"పదే అక్కా."

"అయితే కూర్చో. గంజి తాగు."

దొర మాటేమిటంటారా? ఎర్రపలక బదులు చిన్న ముక్కలు అతికించి మేడ పూర్తి చేశారు. దొర అందులో మూడు రోజులు కూర్చున్నాడు. విసుగొచ్చింది. గుర్రాల సాల మొదలుపెట్టాడు.

కోటలింగానికి మాత్రం కుదురు పోయింది. పొద్దున్నే చేతులకి గుడ్డలు చుట్టుకోబోతే పది వేళ్ళూ కనబడేవి. అన్నం కలుపుతుంటే కనబడేవి. దణ్ణం పెడుతుంటే కనబడేవి. ఆ వేళ్ళు ఎవరి వల్ల ఉన్నాయో ఆయనకి తెలుసు. బట్టీ దాకా వెళ్దామని మూడుసార్లు బయల్దేరాడు. మూడుసార్లూ కోట వాకిట్లోంచి వెనక్కి వచ్చాడు. సంవత్సరాలు అలాగే పోయాయి.

ఒక వానాకాలం పెంటమ్మకి జ్వరం వచ్చింది. మూడు రోజులు. మూడోనాడు అసిరయ్య తడుస్తూ వచ్చాడు.

"చేతులు చూపించు."

చూపించాడు. ఆమెకి కళ్ళు ఆనలేదు. తడిమి, ఒక్కొక్క వేలూ పట్టి లెక్కపెట్టింది. పదో వేలు పట్టుకుని, "చాలు," అంది. అంతే. పోయింది.

కబురు పందిట్లోకి వచ్చింది. కోటలింగం అప్పటికి ముసలివాడు. కలం కింద పెట్టాడు. ఆనాటి పెంకుల తట్ట తనే నెత్తికెత్తుకున్నాడు. ఎవరో అడ్డం వస్తే తోసేశాడు. మొదటి వీధిలో నిలబడి అరిచాడు: "ఎర్రపలక పడేసింది నేను!" రెండో వీధిలో అరిచాడు: "గుడ్డ విప్పింది నేను, నూనె చెయ్యి నాది!" మూడో వీధిలో, అద్దాలవాళ్ళ వీధిలో, అరవలేకపోయాడు. తట్ట మోసుకుంటూ బట్టీ దాకా నడిచాడు. పెంటమ్మని మట్టి చేసిన చోట దించబోయి, ఆగి, కాళ్ళు పడని గోతిలోనే పోశాడు. అది ఒక్కటి ఆయన సరిగా చేశాడు. ఆ మాట ఒప్పుకుంటాను.

మర్నాడు పందిట్లో కట్టుబాటు మార్చాడు. చేతికి గుడ్డ లేనివాడు పలక ముట్టకూడదు. నేల తడపకుండా ఊడ్చకూడదు. పలక జారితే, ఎవరిదైనా సరే, ఎంత పెద్దదైనా సరే, ఒక అడుగు వెనక్కి, చేతులు వెనక్కి. పడేదాన్ని పడనివ్వాలి. ఎవరు పడేశారని ఎవరూ అడగకూడదు. అడగాల్సింది ఒక్కటే: "వేళ్ళెన్ని?" చెప్పి, ఒక ముక్క ఎత్తి, తన కాళ్ళ ముందు వదిలాడు. ముసలి చేతులు ముందుకు పోలేదు. "ఇది పెంటమ్మ వాటా," అన్నాడు.

అదిగో, అది మొదలు. ఇప్పుడు మిషన్లొచ్చాయి, చేతికి తొడుగులొచ్చాయి, కళ్ళకి అద్దాలొచ్చాయి. మేడలు ఆకాశంలోకి పోతున్నాయి, గోడ మొత్తం అద్దమే. అయినా మావాళ్ళు ఎక్కడ పనికెళ్ళినా, పొద్దున్నే ఒక పనికిరాని ముక్క ఎత్తి వదులుతారు. అందరూ ఒక అడుగు వెనక్కి. చేతులు వీపు వెనక్కి. పగిలాక ఒకళ్ళు, "పెంటమ్మ వాటా ఇచ్చాం," అంటారు. అప్పుడే కలం పడతారు. కొత్తగా వచ్చిన ఇంజనీరొకాయన ఇదేం మూఢనమ్మకమన్నాడట. అననీ. ఆయనకి పలక జారినప్పుడు చేతులు ఎటు పోతాయో చూద్దాం.

మా ఇళ్ళలో గాజుగ్లాసు జారితే ఆడవాళ్ళు పిల్లల్ని తిట్టరు. "పోనీలే, పెంటమ్మ తీసుకుంది," అంటారు. నీళ్ళు చల్లి ఊడుస్తారు.

ఇక మీ చేతులు ముందుకు తెచ్చుకోండి. లెక్కపెట్టుకోండి.

పదేనా?

అయితే కూర్చోండి. గంజి తాగి వెళ్దురు గాని.